తీర్పరి యెవరివాడు?



వీధియరుగుమీద పురుషులు మాటలాడుకొను సంగతులు ముఖ్యముగ రెండు. ఒకటి రాజకీయము, రెండవది క్రికెట్టు. లోపల పని చేసికొనుచు వినెడి మనకు ఒకటి యెప్పుడు ముగిసినదో, రెండవది యెప్పుడు మొదలైనదో తెలియదు. "వికెట్టు పడినది" అని వినబడినచో, పడినవాడు ఆటగాడా, మంత్రియా అని గుమ్మము దగ్గరకు వచ్చి అడుగవలసివచ్చును.

2022వ సంవత్సరమున మన పొరుగుదేశమైన పాకిస్తానులో ఈ రెండు సంభాషణలును నిజముగనే యొకటియైపోయినవి. అప్పటి ప్రధానమంత్రి ఒకనాటి క్రికెట్టు జట్టు నాయకుడు. ఆయన పదవికి గండము వచ్చినపుడు దేశమంతయు ఆటమాటలతోనే రాజకీయమును చెప్పుకొనెను. ఆ నెలరోజుల కథలో ఎత్తులును పైయెత్తులును అనేకములు కలవు. వానియన్నిటికిని మూలమున నున్నది మాత్రము ఒక చిన్న ప్రశ్న. పీఠముమీద కూర్చుండి తీర్పు చెప్పువాడు ఎవరివాడై యుండవలెను? ఈ ప్రశ్న పార్లమెంటులకు మాత్రమే చెందినది కాదు. ఇద్దరు బిడ్డలున్న ప్రతి తల్లియు దినమునకు పదిమారులు దీనికి సమాధానము చెప్పుచునే యున్నది. కావున ఆ కథను మన కర్థమగు మాటలలో చెప్పుకొందము.

ఇమ్రాన్ ఖాను గారి పేరు వినని యిల్లు మనదేశమునను అరుదు. 1992వ సంవత్సరము మార్చి 25వ తేదీన ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్ను నగరమున ఇంగ్లండును 22 పరుగుల తేడాతో ఓడించి, పాకిస్తానునకు ప్రపంచకప్పు తెచ్చిన జట్టుకు ఆయన నాయకుడు. 1996లో ఆయన యొక రాజకీయపక్షమును స్థాపించిరి. తెహ్రీకె ఇన్సాఫ్ అను దాని పేరునకు న్యాయోద్యమమని యర్థము. దాని యెన్నికల గుర్తు బ్యాటుగ నుండెను. 2018 ఆగస్టులో 176 ఓట్లతో ఆయన ప్రధానమంత్రిగా ఎన్నికైరి. అప్పటి పాకిస్తాను జాతీయసభలో స్థానములు 342. అధికారమునకు కావలసినవి 172. అనగా ఆయనకున్న మిగులు నాలుగు ఓట్లు మాత్రమే. అవియును చిన్నపక్షముల చలువవలన వచ్చినవి. అరువు సొమ్ముతో కట్టిన యింటివలె ఆ ప్రభుత్వము నిలిచియుండెను.

ఆ దేశచరిత్రలో ఏ ప్రధానమంత్రియు అయిదేండ్ల గడువును పూర్తిచేసి యెరుగడు. కొందరిని సైన్యము దించినది, కొందరిని అధ్యక్షుడు తొలగించెను, కొందరిని న్యాయస్థానము దింపెను. సభయే ఓటు వేసి దించుట మాత్రము 2022వరకు జరుగలేదు. 1989 నవంబరు 1వ తేదీన బేనజీర్ భుట్టో గారిమీద అవిశ్వాస తీర్మానము రాగా, ప్రతిపక్షమునకు 12 ఓట్లు చాలకపోయెను. 2006లో షౌకత్ అజీజు గారిమీద వచ్చినదియు ఓడిపోయెను.

ఇక ఆట నియమములు తెలిసికొందము. పాకిస్తాను రాజ్యాంగము 1973వ సంవత్సరమునాటిది. దాని 95వ అధికరణము ప్రకారము సభ్యులలో అయిదవవంతు మంది సంతకము చేసినచో అవిశ్వాస తీర్మానమునకు నోటీసు ఇయ్యవచ్చును. తీర్మానము సభలో ప్రవేశపెట్టిన పిదప మూడుదినములు గడువకుండ ఓటు తీసికొనరాదు, ఏడుదినములు దాటనీయరాదు. సభ సమావేశములో లేనపుడు నాలుగవవంతు మంది కోరినచో స్పీకరు పదునాలుగు దినములలో దానిని పిలువవలెను. తీర్మానము సభముందున్నంతకాలము సభను రద్దుచేయుమని అధ్యక్షునకు సలహా యిచ్చు అధికారము ప్రధానమంత్రికి లేదు. ఈ చివరి నియమమును పాఠకురాండ్రు జ్ఞాపకముంచుకొనవలెను. కథ యంతయు దీనిమీదనే తిరుగును.

మార్చి 8వ తేదీన ప్రతిపక్షములు నోటీసు నిచ్చినవి. వారిలో వారికి చిరకాల వైరము. నవాజ్ షరీఫు గారి ముస్లింలీగును, భుట్టో వంశీయుల పీపుల్స్ పార్టీయు దశాబ్దములు ఒకరి నొకరు జైలుకు పంపుకొన్నవారు. అయినను లెక్క కుదిరినపుడు ఒక పంక్తిని కూర్చుండిరి.

వారి యెత్తు ఇది. ఇమ్రాను గారి స్వపక్షమున అసంతృప్తులైన సభ్యులు కొందరుండిరి. వారిచేత ఓటు వేయించినచో పక్షము మారిరను నిందయు, సభ్యత్వము పోవు భయమును కలవు. అందువలన ప్రతిపక్షములు వారిని పెరటిలోని గాదెవలె భద్రముగ నుంచి, ప్రభుత్వమునకు ఆసరా యిచ్చుచున్న చిన్నపక్షములను ఒక్కొక్కదానినే యివతలకు రప్పించుకొనిరి. మార్చి 30వ తేదీన కరాచీ నగరమున బలముగల ఎం.క్యూ.ఎం. పక్షము ప్రభుత్వమును వీడెను. ఆనాటితో లెక్క తేలిపోయినది.

ప్రభుత్వపు పైయెత్తు కాలహరణము. పదునాలుగు దినముల గడువు మార్చి 22తో ముగియవలసియుండగా, ఇస్లాముదేశముల విదేశాంగ మంత్రుల సమావేశము ఆ భవనముననే జరుగుచున్నదని చెప్పి స్పీకరు అసద్ ఖైసరు గారు సభను 25వ తేదీకి పిలిచిరి. ప్రపంచకప్పు గెలిచి సరిగా ముప్పది యేండ్లు నిండినది ఆనాడే. మృతుడైన సభ్యునికై ప్రార్థన జరిపి సభను 28వ తేదీకి వాయిదా వేసిరి. ఆనాడు షహబాజ్ షరీఫు గారు తీర్మానము ప్రవేశపెట్టగా 161 మంది లేచి నిలిచిరి. 31వ తేదీన సభ కూడియు ఏప్రిల్ 3వ తేదీకి వాయిదా పడెను. ఈ నడుమ ఇమ్రాను గారు రాజధానిలో పెద్ద బహిరంగసభ జరిపి, తన్ను దింపుటకు విదేశపు కుట్ర కలదని చెప్పి ఒక ఉత్తరమును జేబునుండి తీసి చూపిరి. అమెరికా ఆ యారోపణను కాదన్నది. "నేను చివరి బంతివరకు ఆడువాడను" అను అర్థము వచ్చునట్లు ఆయన మరల మరల పలికిరి.

ఇంతవరకు జరిగినదానిని నేను తప్పుపట్టను. కాలము జరుపుకొనుట, మిత్రులను చేర్చుకొనుట, ప్రజలయొద్దకు పోయి మొరపెట్టుకొనుట ఇవియన్నియు సభాయుద్ధమున ఉభయులకును చెల్లు ఎత్తులే. ఓడిపోవు జట్టు బంతులు వృథాచేసి ఆటను సమముగ ముగింపజూచుట క్రికెట్టులోను కలదట. అది చూచువారికి విసుగు కలిగించునుగాని, ఆట కాకపోదు.

ఏప్రిల్ 3వ తేదీ ఉగాదికి మరునాడు. ఆ ఆదివారమున ఓటు జరుగునని లోకమంతయు ఎదురుచూచెను. స్పీకరుమీదనే వేరొక అవిశ్వాసపు నోటీసు వచ్చియున్నందున డిప్యూటీ స్పీకరు ఖాసిం సూరీ గారు పీఠముమీద కూర్చుండిరి. ఆయన ఇమ్రాను గారి పక్షమువారు. సభ మొదలైన వెంటనే న్యాయశాఖ మంత్రి లేచి, రాజ్యమునకు విధేయుడై యుండుట ప్రతి పౌరుని ధర్మమని చెప్పెడి 5వ అధికరణమును ఉదహరించి, ఈ తీర్మానము విదేశపు కుట్రలో భాగమైనందున చెల్లదని వాదించెను. ప్రతిపక్షము నోరు తెరువకముందే డిప్యూటీ స్పీకరు తీర్మానమును త్రోసిపుచ్చి సభను ముగించిరి. కొద్దిసేపటికే ప్రధానమంత్రి సభను రద్దుచేయుమని సలహా యిచ్చిరి. అధ్యక్షుడు ఆరిఫ్ అల్వీ గారు అట్లే చేసిరి.

మా మరిది ఆనాడు మా యింటనే యుండెను. క్రికెట్టు పిచ్చి గలవాడు. అప్పటివరకు ఇమ్రాను గారి బౌలింగును పొగడుచున్నవాడు వార్త వినగానే తల గోకుకొని, "ఏమిటి వదినగారూ, చివరి బంతివరకు ఆడుదునన్న మనిషి బంతి వేయకముందే వికెట్లు పెరికి చంక పెట్టుకొని పోయెనే!" అనెను.

"పెరికినది ఆయన కాదు కదయ్యా, పీఠముమీదివారు కదా" అంటిని.

"అదే నాకు కష్టముగ నున్నది వదినగారూ. ఆటగాడు మోసము చేసినచో అంపైరుతో చెప్పుకొందుము. అంపైరే పెరికినచో ఎవరితో చెప్పుకొందుము?" అనెను.

లోపలినుండి మా యింటివారు, "అందుకే గదా పరాయిదేశపు అంపైర్లు కావలెనని ఒకప్పుడు ఈ ఇమ్రాను గారే పోరాడినది!" అనిరి. నాకీ సంగతి తెలియదు. అడిగి తెలిసికొన్నదానిని మీకును చెప్పెదను.

పూర్వము టెస్టు ఆటలలో ఏ దేశమున ఆట జరుగునో ఆ దేశమువారే అంపైర్లుగ నుండెడివారు. ఓడిన జట్టు ఇంటికి పోయి, "అంపైరు వారివాడు" అని చెప్పుకొనుట ఆచారమైపోయెను. పాకిస్తానుమీద ఈ నింద మిక్కుటముగ నుండెను. గెలిచినను గెలుపునకు విలువ లేకుండుట ఇమ్రాను గారికి సహింపరానిదయ్యెను. 1986 నవంబరులో వెస్టిండీసు జట్టు లాహోరున ఆడినపుడు, ఆయన నాయకత్వమున నున్న పాకిస్తాను తన యంపైర్లను విడిచి, మనదేశమునుండి ఇద్దరిని పిలిపించెను. ఒకరు బొంబాయి పార్సీయైన పీలూ రిపోర్టరు గారు. రెండవవారు మన హైదరాబాదుకు చెందిన వి. కె. రామస్వామి గారు. 1912వ సంవత్సరము తరువాత టెస్టు ఆటలో తటస్థులైన అంపైర్లు నిలుచుట అదియే మొదటిసారి. తన దేశమున జరుగు ఆటకు పొరుగుదేశపువారిని, అందులోను భారతీయులను, తీర్పరులుగ నుండుమని కోరుటకు ఎంత గుండెదిటవు కావలెనో యోచింపుడు.

తిరిగి 1989 నవంబరులో, బేనజీరు గారు అవిశ్వాసమును గెలిచిన ఆ నెలలోనే, మన జట్టు పాకిస్తానునకు పోయినపుడు ఇంగ్లండునుండి ఇద్దరు అంపైర్లు వచ్చిరి. పదునారేండ్ల సచిన్ టెండూల్కరు కరాచీలో మొదటిసారి బ్యాటు పట్టినది ఆ పర్యటనలోనే. 1994 నుండి ప్రతి టెస్టునకు ఒకరును, 2002 నుండి ఇద్దరును తటస్థులుండవలెనని ప్రపంచసంస్థ నియమము చేసినది. ఈ సంస్కరణకు త్రోవ చూపినవారిలో ఇమ్రాను గారిని మొదట చెప్పవలెను.

అట్టివాని రాజకీయజీవితమున ఈ మాటయే మరియొక రంగు దాల్చెను. పాకిస్తాను రాజకీయములలో "అంపైరు" అనగా సైన్యమని అందరికిని తెలియును. 2014లో ప్రతిపక్షమున నుండి ధర్నా చేయుచు ఆయన, అంపైరు వ్రేలు ఎత్తబోవుచున్నాడని చెప్పిరి. 2022లో సైన్యము తాను తటస్థమని ప్రకటింపగా, తటస్థముగ నుండునవి జంతువులు మాత్రమేయని వేదికమీద ఆక్షేపించిరి. ఆటలో కావలెనన్న తటస్థత అధికారమున చేదైనది. ఇది యొకరి లోపము కాదు. పీఠము మనవైపు మొగ్గినపుడు అది న్యాయముగను, మొగ్గనపుడు అన్యాయముగను తోచుట మానవస్వభావము.

సుప్రీం కోర్టు ఆదివారమయ్యు ఆనాడే ఈ విషయమును తానై విచారణకు తీసికొనెను. ఏప్రిల్ 7వ తేదీన ప్రధాన న్యాయమూర్తి ఉమర్ అతా బందియాలు గారు, మరి నలుగురు న్యాయమూర్తులును ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. ఆ తీర్పునందలి తర్కము సులభము. డిప్యూటీ స్పీకరు నిర్ణయము రాజ్యాంగవిరుద్ధము. కావున తీర్మానము చావలేదు, సభముందే యున్నది. అది యుండగా ప్రధానమంత్రికి రద్దు సలహా యిచ్చు అధికారము లేదు. అధికారము లేని సలహా చెల్లదు. దానిమీద జరిగిన రద్దును చెల్లదు.

ఈ తర్కమును చదివినపుడు నాకు కురుసభలో ద్రౌపది యడిగిన ప్రశ్న స్మృతికి వచ్చెను. ధర్మజుడు ముందు తన్ను తానోడిపోయి, పిదప తన్ను పందెమొడ్డెనా యని ఆమె సభ్యులను నిలదీసెను. తన స్వాతంత్ర్యమే పోయినవానికి ఇతరుల నొడ్డు హక్కెక్కడిది? అదియు అధికారపు వరుసను గూర్చిన ప్రశ్నయే. ఆ సభలో పెద్దలకు జవాబు తెలియక కాదు. చెప్పుటకు నోరు రాలేదు. అపుడు విదురుడు ప్రహ్లాదుని కథ చెప్పెను. ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడును, అంగిరసుని కుమారుడు సుధన్వుడును తమలో ఎవరు శ్రేష్ఠులని ప్రాణములు పందెమొడ్డి, తీర్పునకై ప్రహ్లాదునియొద్దకే వచ్చిరి. ఒకవైపు కన్నకొడుకు ప్రాణము, రెండవవైపు సత్యము. ప్రహ్లాదుడు సుధన్వుడే శ్రేష్ఠుడని చెప్పెను. ఆ సత్యమునకు మెచ్చి సుధన్వుడు విరోచనుని ప్రాణములు తిరిగి యిచ్చెను. కొడుకును కాపాడినది తండ్రి పక్షపాతము కాదు, తండ్రి నిష్పాక్షికత.

మరల ఇస్లామాబాదునకు పోదము. కోర్టు ఆజ్ఞ ప్రకారము ఏప్రిల్ 9వ తేదీ ఉదయము పదిన్నరకు సభ కూడెను. పగలంతయు ఉపన్యాసములు, ప్రార్థనవేళల విరామములు, వాయిదాలతోనే గడచిపోయెను. అర్ధరాత్రి సమీపించినది. అపుడు స్పీకరు ఖైసరు గారు రాజీనామా యిచ్చి పీఠమునుండి దిగిపోయిరి. ప్రతిపక్షమువారైన అయాజ్ సాదిఖు గారు ఆ స్థానమున కూర్చుండి 11 గంటల 58 నిమిషములకు ఓటింగు ప్రారంభించిరి. తేదీ మారుచున్నందున కొద్దిసేపు ఆపి మరల సాగించిరి. తీర్మానమునకు 174 ఓట్లు వచ్చినవి. దాచియుంచిన అసంతృప్తుల ఓటు ఒక్కటియు అక్కరలేకపోయెను. మనయిండ్లలో శ్రీరామనవమికి పానకము కలుపుకొను వేళకు, ఆ దేశచరిత్రలో మొదటిసారిగ ఒక ప్రధానమంత్రి సభయోటుతో పదవి కోల్పోయెను. ఏప్రిల్ 11వ తేదీన షహబాజ్ షరీఫు గారు ఆ పదవికి ఎన్నికైరి.

ఇట్టి సంకటము మన పార్లమెంటునకును ఒకప్పుడు వచ్చినది, ఆనాడు పీఠముననున్నవారు తెలుగువారు. 1999 ఏప్రిల్ 17వ తేదీన వాజపేయి గారి ప్రభుత్వము విశ్వాసపరీక్షకు నిలిచినపుడు లోకసభ స్పీకరు అమలాపురమునుండి ఎన్నికైన జి. ఎం. సి. బాలయోగి గారు. వారి తెలుగుదేశము పక్షము ప్రభుత్వమును సమర్థించుచున్నది. ఒడిశా ముఖ్యమంత్రియైన గిరిధర్ గమాంగు గారు ఇంకను లోకసభ సభ్యత్వము వదలలేదు. ఆయన ఓటు వేయవచ్చునా యని వివాదము పుట్టెను. బాలయోగి గారు ఆయనను అడ్డగింపక, ఆ సభ్యుని వివేకమునకే విడిచిపెట్టిరి. ప్రభుత్వమునకు 269, వ్యతిరేకముగ 270. ఒక్క ఓటుతో ప్రభుత్వము కూలినది. ఆ నిర్ణయము సరియా కాదా యని వాదించువారు ఉండిరి. కాని అది తన పక్షమునకు లాభము చూచి చేసినదని అనుటకు మాత్రము ఎవరికిని వీలు లేకపోయెను. తీర్పరికి ఇంతకంటె వేరు రక్షణ లేదు.

పాకిస్తాను కథ అంతటితో ముగియలేదు. ఇమ్రాను గారు 2023 ఆగస్టులో ఖైదుపాలైరి. 2024 ఫిబ్రవరి 8వ తేదీన ఎన్నికలు జరుగవలసియుండగా, ఆయన పక్షము తన లోపలి యెన్నికలను సక్రమముగ జరుపలేదని చెప్పి ఎన్నికలసంఘము బ్యాటు గుర్తును తీసివేసెను. జనవరి 13వ తేదీన సుప్రీం కోర్టు దానిని సమర్థించెను. చదువురాని ఓటరు గుర్తు చూచి ఓటు వేయు దేశమున ఇది చిన్న దెబ్బ కాదు. ఆ పక్షపు అభ్యర్థులు తలకొక గుర్తుతో స్వతంత్రులుగ నిలిచి, అయినను మిగిలిన పక్షములన్నిటికంటె ఎక్కువ స్థానములు గెలిచిరి. 2022లో తీర్పరి తమవాడని సంతోషించినవారు, 2024లో తీర్పరి తమవాడు కాడని వాపోయిరి. నాడు న్యాయము కావలెనని మొరపెట్టినవారిలో పలువురు రెండవసారి మౌనము వహించిరి. పీఠమును ఒకమారు వంచినచో అది ఎటువైపునకైనను వంగుట నేర్చుకొనును.

సభాపీఠము స్త్రీలకు క్రొత్తది కాదు. పాకిస్తానులో 2008 నుండి 2013 వరకు ఫహ్మీదా మీర్జా గారును, మన లోకసభలో మీరాకుమారు గారును, సుమిత్రా మహాజను గారును, ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ప్రతిభాభారతి గారును దాని నధిష్ఠించిరి. వారికంటె ముందునుండి ప్రతి యింటను ఒక స్త్రీ అట్టి పీఠముమీద కూర్చుండియే యున్నది. కొడుకునకును కోడలికిని మాటపట్టింపు వచ్చినపుడు, అత్తగారు చెప్పు మొదటి మాటను ఇల్లంతయు చెవియొగ్గి వినును. "మా అత్తగారు నావైపు పలుకకపోయినను సరే, నా మాట పూర్తిగ విందురు" అని కోడలు అనుకొనగలిగిన యింట తగవు తెల్లవారువరకు నిలువదు. ఆ నమ్మకము లేని యింట చిన్నమాట పుట్టింటివరకును, కోర్టువరకును పోవును.

కావున ఇకమీద పత్రికలో ఏ దేశపు అవిశ్వాసపు వార్త చదివినను, ఎవరు గెలిచిరి, ఎవరు ఓడిరి అని మాత్రమే చూడక, పీఠమున ఎవరు కూర్చుండిరి, ఇరువురిని మాటలాడనిచ్చిరా, లెక్క జరుగనిచ్చిరా యని కూడ చూడుడు. మన పిల్లలు మనయెదుట తగవు పెట్టుకొని నిలిచినపుడును ఆ చూపే మనమీదికి త్రిప్పుకొనుట మేలు.